చీటీ పాటను ప్రోగ్రాంగా రాయడం: ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతిలో మొదటి ప్రాజెక్టు

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అనగానే పాఠాల్లో జంతువు అని ఒక క్లాస్ (డేటానూ దాని మీద చేసే పనులనూ కలిపి పట్టుకునే అచ్చు; దాంతో తయారయ్యేది ఆబ్జెక్ట్), దాని కింద కుక్క, పిల్లి. ఒకటి మొరుగుతుంది, ఒకటి మ్యావ్ అంటుంది. దాంతో పరీక్ష గట్టెక్కుతుంది గానీ ప్రోగ్రాం రాయడం రాదు. కారణం చిన్నదే: ఆ ఉదాహరణలో తప్పకూడని నియమం ఒక్కటీ లేదు. క్లాస్ అవసరం పడేదే నియమాన్ని కాపాడాల్సిన చోట. అందుకని ఇక్కడ నియమాలు దండిగా ఉన్న పనిని తీసుకుందాం: నెలనెలా పాట పెట్టే చీటీ. భాష జావా. లూపులు, ఇఫ్ షరతులు, ఫంక్షన్లు వచ్చి ఉంటే చాలు.

(ఇది నేర్చుకోవడానికి రాసే ప్రోగ్రాం. నిజంగా చీటీ నడపాలంటే రిజిస్ట్రేషన్, అనుమతులు వేరే ఉంటాయి.)

1. కంప్యూటర్ తెరవకముందు లెక్క కాగితం మీద వేయండి

20 వాటాలు, నెలకు 5,000 రూపాయలు, 20 నెలలు. చీటీ మొత్తం 1,00,000. నెలనెలా పాటలో ఎవరు ఎక్కువ వదులుకుంటే ఆ నెల చీటీ వాళ్లది. ఒకరు 25,000 వదులుకున్నారనుకోండి. వాళ్ల చేతికి 75,000 వస్తుంది. వదులుకున్న 25,000లో నిర్వాహకుడి కమీషన్ (చీటీ మొత్తం మీద 5 శాతం), అంటే 5,000 పోగా మిగిలిన 20,000ను 20 వాటాలకు పంచితే తలా 1,000 డివిడెండ్. కాబట్టి ఆ నెల ఒక్కో వాటాకు కట్టాల్సింది 4,000. సరిచూడండి: వసూలైంది 80,000, పాడుకున్నవారికి 75,000, నిర్వాహకుడికి 5,000. రెండు వైపులా సమానం. ఈ ఆఖరి సమీకరణాన్ని పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకోండి, తర్వాత టెస్టులన్నీ దీని మీదే నిలబడతాయి.

ఇప్పుడు నియమాలు రాయండి. ఒక వాటాకు చీటీ ఒక్కసారే. బాకీ ఉన్న వాటా పాటలో కూర్చోకూడదు. పాట కమీషన్ కన్నా తక్కువ ఉండకూడదు, ఒప్పందంలో రాసుకున్న గరిష్ఠాన్ని దాటకూడదు (మన లెక్కకు 30 శాతం, అంటే 30,000 అనుకుందాం). గరిష్ఠం దగ్గర ఇద్దరు ముగ్గురు ఆగిపోతే పేర్లు రాసి డ్రా తీయాలి. మొదటి నెల చీటీ నిర్వాహకుడిది, కోత (వదులుకోవడం) లేదు, కమీషనూ లేదు, అందరూ పూర్తి 5,000 కడతారు. ఆఖరి నెల మిగిలేది ఒకే వాటా కాబట్టి పాట ఉండదు, కమీషన్ పోగా 95,000 ఇస్తారు.

కమీషన్ శాతాన్ని ప్రోగ్రాం మధ్యలో ఎక్కడా 5 అని రాయకండి. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం దానికి పెట్టిన పరిమితి 5 శాతం. 2019 సవరణతో అది 7 శాతమైంది. మారే సంఖ్య ఒకే చోట ఉండాలి, అదీ చీటీ తయారయ్యేటప్పుడు బయటి నుంచి అందేలా ఉండాలి.

2. పనిముట్లు

జేడీకే (జావా ప్రోగ్రాంలు కంపైల్ చేసి నడిపే సాధనాల మూట): జావా 21 తీసుకోండి. 2023 సెప్టెంబరులో వచ్చిన దీర్ఘకాల మద్దతు వెర్షన్ ఇది. 2025 సెప్టెంబరులో వచ్చిన 25 కూడా అలాంటిదే, ఏదైనా ఫరవాలేదు. ఎక్లిప్స్ టెమురిన్ పేరుతో ఉచితంగా దొరుకుతుంది. విండోస్‌లో ఇన్‌స్టాల్ చేసేటప్పుడు జావా హోమ్ (జేడీకే ఎక్కడుందో చెప్పే సెట్టింగ్) సెట్ చేయమనే ఆప్షన్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. దాన్ని ఆన్ చేయండి. చేయకపోతే తర్వాత మేవెన్ జేడీకే కనపడలేదని మొండికేయొచ్చు. ఇన్‌స్టాల్ అయ్యాక కొత్త కమాండ్ ప్రాంప్ట్ తెరిచి వెర్షన్ అడిగి చూడండి. పాత విండోలో అడిగితే పాత పాత్ సెట్టింగే ఉంటుంది కాబట్టి జావా కనపడలేదనే అంటుంది.

ఎడిటర్: ఇంటెలిజే ఐడియాలో ఉచితంగా దొరికే భాగం ఈ పనికి ఎక్కువే. ల్యాప్‌టాప్‌లో ర్యామ్ 4 జీబీయే ఉంటే అది ఈడుస్తుంది. అప్పుడు వీఎస్ కోడ్‌లో జావా ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వేసుకోండి.

మేవెన్: లైబ్రరీలు తెచ్చిపెట్టేది, కంపైల్ చేసేది, టెస్టులు నడిపేది ఇదే. ఇంటెలిజేలో కొత్త ప్రాజెక్టు తెరిచేటప్పుడు బిల్డ్ సిస్టమ్ దగ్గర మేవెన్ ఎంచుకుంటే ఫోల్డర్లు అదే వేసిపెడుతుంది: అసలు కోడ్ మెయిన్ కింద, టెస్టులు టెస్ట్ కింద. పామ్ ఫైల్లో (మేవెన్ సెట్టింగులు ఉండే ఫైల్) జావా రిలీజ్ 21 అని ఉందో లేదో చూడండి. ఆ లైను లేని పాత నమూనా పామ్ కాపీ కొడితే సోర్స్ ఆప్షన్ 5కు ఇక మద్దతు లేదనే ఎర్ర వాక్యం వస్తుంది. మీ కోడ్‌లో తప్పేమీ లేదు, పాత ప్లగిన్ జావా 5 కాలం నాటి కోడ్ అనుకుంటోందంతే.

గిట్: 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన వెర్షన్ కంట్రోల్ సాధనం, అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచేది. అలా దాచే ఒక్కో నమోదు కమిట్. ప్రాజెక్టు ఫోల్డర్‌లో గిట్ ఇనిట్ కొట్టి, గిట్ ఇగ్నోర్ ఫైల్లో టార్గెట్ ఫోల్డర్ పేరు రాయండి. అందులో ఉండేవి కంపైలైన ఫైళ్లు. అవి కమిట్‌లోకి వస్తే ప్రతి మార్పులోనూ చెత్త కనపడుతుంది.

3. ఆబ్జెక్టులు ఎవరో తేల్చడం

ప్రాజెక్టు బాగుపడేదీ చెడేదీ ఇక్కడే, తొందరపడకండి.

సమస్యను వాక్యాల్లో రాసి, నామవాచకాల కింద గీత గీసి, ఒక్కోదాన్నీ క్లాస్ చేయమని చాలాచోట్ల చెబుతారు. మొదలుపెట్టడానికి బాగానే ఉంటుంది గానీ మోసం చేస్తుంది. మన చీటీనే చూడండి. సభ్యుడు అనే మాట దొరికింది, క్లాస్ చేసేశారు. సభ్యుడు పాడుకున్నాడా లేదా అని అందులో ఒక ఫీల్డ్ (విలువ దాచే చోటు) పెట్టారు. అంతలో ఒకాయన రెండు చీటీలు కడుతున్నానన్నాడు. ఒకటి ఎత్తాడు, ఒకటి ఎత్తలేదు. ఇప్పుడా ఫీల్డ్‌లో ఏం రాస్తారు? ఒకే మనిషిని రెండుసార్లు నమోదు చేస్తే ఫోన్ నంబరు మారినప్పుడు ఒకచోట మార్చి ఒకచోట మరిచిపోతారు.

నియమాన్ని పట్టుకుని వెళితే ఈ చిక్కు ముందే కనపడుతుంది. చీటీ ఒక్కసారే అన్న నియమం ఎవరిది? మనిషిది కాదు, వాటాది. కాబట్టి వాటా ఒక క్లాస్, వ్యక్తి ఇంకో క్లాస్. ఒక వ్యక్తికి ఎన్ని వాటాలైనా ఉండొచ్చు.

దీనికి మంచి పనిముట్టు సీఆర్‌సీ కార్డులు. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ 1989లో ప్రతిపాదించారు. ఒక్కో క్లాస్‌కు ఒక అట్టముక్క: పైన పేరు, ఎడమవైపు దాని బాధ్యతలు, కుడివైపు అది ఎవరి సాయం అడుగుతుంది. మన చీటీకి ఇలా వస్తాయి:

డబ్బు: కూడిక, తీసివేత, సమంగా పంచి మిగులు చెప్పడం. ఎవరి సాయమూ అక్కర్లేదు.

వ్యక్తి: పేరు, ఫోన్.

వాటా: తన సంఖ్య, ఎవరిది, పాడుకుందా, బాకీ ఎంత. పాటలో కూర్చునే అర్హత ఉందో లేదో చెప్పాల్సింది ఇదే.

పాట: పాడినవాళ్లు చెప్పిన మొత్తాలు, కనిష్ఠ గరిష్ఠ హద్దులు.

చీటీ: వాటాలన్నిటినీ పట్టుకుని ఉంటుంది, నెల నడుపుతుంది, డివిడెండ్ లెక్క కడుతుంది.

కార్డులు బల్ల మీద పరిచి, పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుని ఒక నెల పాటను మొదటి నుంచి చివరి దాకా నోటితో నడిపించండి. ఏదైనా కార్డు ఎడమవైపు నిండిపోయి పక్కకు రాయాల్సి వస్తే ఆ క్లాస్ చేయకూడని పని చేస్తోందని అర్థం. ఎక్కువగా ఉబ్బిపోయేది చీటీ కార్డే. రసీదు అచ్చు వేయడం, ఫైల్లో దాచడం లాంటివి దాని మీద వేయకండి.

4. మొదట డబ్బు

డబ్బుకు డబుల్ టైపు వాడొద్దు. జావాలో డబుల్‌గా 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. 20 నెలల లెక్కలో ఇలాంటి తేడాలు పేరుకుని చివరికి పైసలు కుదరవు. పైసల్లో పూర్ణసంఖ్యగా దాచండి. అదీ ఇంట్ కాదు, లాంగ్. ఇంట్‌లో పట్టే పెద్ద సంఖ్య 2,147,483,647. పైసల్లో అది సుమారు 2 కోట్ల 14 లక్షల రూపాయలు. దాటితే ఎర్రర్ రాదు, లెక్క మౌనంగా రుణసంఖ్యలోకి తిరగబడుతుంది. ఇలాంటి ముప్పై చీటీల వార్షిక మొత్తం కూడితే ఈ హద్దు దాటడం కష్టమేం కాదు.

డబ్బును జావా రికార్డ్‌గా రాయండి (జావా 16 నుంచి అందుబాటులో ఉంది). పైసలు అనే ఒకే ఫీల్డ్. రికార్డ్ ఒకసారి తయారైతే మారదు, పోలిక కూడా తానే చూసుకుంటుంది. మామూలు క్లాస్ రాస్తే ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ రెండూ కలిపి మీరే రాయాలి. ఒకటి రాసి ఒకటి వదిలేస్తే హ్యాష్‌సెట్‌లో వేసిన వస్తువు అందులో ఉండి కూడా లేదనే అంటుంది.

పంచడం అనే మెథడ్ (క్లాస్ లోపలి ఫంక్షన్) మీద కాసేపు ఆగాలి. 30 వాటాల చీటీ, మొత్తం 1,50,000, కమీషన్ 7,500, వదులుకున్నది 40,000 అనుకోండి. పంచాల్సింది 32,500. తలా 1,083 రూపాయల 33 పైసలు. ఇంకా 10 పైసలు మిగులుతాయి. ఈ 10 పైసలు ఎక్కడికి పోవాలో ప్రోగ్రామర్ నిర్ణయించకూడదు, చీటీ నడిపేవారిని అడగాలి. మనం వచ్చే నెలకు జమ చేద్దాం. కాబట్టి ఈ మెథడ్ ఒక్కొక్కరి భాగం, మిగులు రెండూ కలిపి తిరిగివ్వాలి.

5. వాటా, చీటీ: తలుపులు మూయడం

ఫీల్డ్‌లన్నీ ప్రైవేట్. అంటే క్లాస్ బయటి కోడ్ వాటిని ముట్టుకోలేదు. ఇక్కడిదాకా అందరూ చేస్తారు. ఆ తర్వాత ఎడిటర్లో ఒక బటన్ నొక్కి ప్రతి ఫీల్డ్‌కీ గెటర్, సెటర్ (విలువ చదివే, మార్చే మెథడ్లు) పుట్టిస్తారు. దాంతో మూసిన తలుపు మళ్లీ బార్లా తెరిచినట్టే. పాడుకుందా అనే ఫీల్డ్‌కు సెటర్ ఉంటే ఎక్కడి కోడ్ అయినా దాన్ని కాదు అని మార్చేసి, ఒకే వాటాకు రెండోసారి చీటీ ఇప్పించగలదు. సెటర్ బదులు చీటీ ఎత్తు అనే మెథడ్ రాయండి. అది ముందు రెండు ప్రశ్నలు వేస్తుంది: ఇప్పటికే ఎత్తిందా, బాకీ ఉందా. ఏది నిజమైనా ఇల్లీగల్ స్టేట్ ఎక్సెప్షన్ (పని ఆపి తప్పును తెలియజేసే సంకేతం) విసురుతుంది, సందేశంలో వాటా సంఖ్య ఉండాలి. ఒట్టి తప్పు జరిగింది అనే సందేశం రాత్రిపూట ఎవరికీ పనికిరాదు.

ఇంకో సందు అంత తేలిగ్గా కనపడదు. చీటీ క్లాస్‌లో వాటాల లిస్టును ప్రైవేట్‌గా పెట్టి, గెటర్‌తో అదే లిస్టును బయటికిస్తే, తీసుకున్నవాళ్లు దానికి 21వ వాటా కలిపేయగలరు. చీటీకి తెలియను కూడా తెలియదు. లిస్ట్ డాట్ కాపీఆఫ్ అనే మెథడ్‌తో మార్చడానికి వీల్లేని నకలు ఇవ్వండి. కన్‌స్ట్రక్టర్లోకి (ఆబ్జెక్ట్‌ను తయారుచేసే కోడ్) వచ్చే లిస్టుకూ ఇదే జాగ్రత్త.

తేదీల దగ్గర ఒక ఉచ్చు ఉంది. చీటీ జనవరి 31న మొదలైందనుకోండి. లోకల్‌డేట్‌కు ఒక నెల కలిపితే ఫిబ్రవరి 28 (లీపు సంవత్సరమైతే 29). దానికి మళ్లీ ఒక నెల కలిపితే మార్చి 28. తేదీ జారిపోయింది, ఇక 31కి రాదు. ఎప్పుడూ మొదటి తేదీకే ఎన్నో నెలో అన్ని నెలలు కలపండి: జనవరి 31కి రెండు నెలలు కలిపితే సరిగ్గా మార్చి 31 వస్తుంది. ఈరోజు తేదీని కూడా క్లాస్ లోపల అడగకండి, బయటి నుంచి ఇవ్వండి. లేకపోతే టెస్టు ఇవాళ పాసై రేపు ఫెయిలవుతుంది.

6. ఇన్‌హెరిటెన్స్ ఎక్కడ వద్దు, ఇంటర్‌ఫేస్ ఎక్కడ కావాలి

ఇన్‌హెరిటెన్స్ అంటే ఒక క్లాస్ ఇంకో క్లాస్ లక్షణాలను వారసత్వంగా తీసుకోవడం; అలా తీసుకునేది ఉపక్లాస్. పాడుకున్న వాటా, పాడుకోని వాటా అని రెండు ఉపక్లాసులు చేయాలనిపిస్తుంది. చేయకండి. జావాలో ఒక ఆబ్జెక్ట్ పుట్టాక దాని క్లాస్ మారదు. ఏడో నెల వాటా పాడుకోగానే పాత ఆబ్జెక్ట్ పారేసి, కొత్త రకంది చేసి, పాతదాన్ని పట్టుకున్న ప్రతి చోటా మార్చాలి. కాలంతో పాటు మారేది స్థితి. అది ఫీల్డ్‌లో ఉండాలి.

నిజంగా వేరువేరు ప్రవర్తన ఉన్నది చీటీ ఎవరికిచ్చేదీ తేల్చే పద్ధతిలో. మొదటి నెల నిర్వాహకుడికి, మధ్యలో పాట, ఆఖర్న మిగిలిన వాటాకు. కొన్ని చీటీల్లో పాటే ఉండదు, అంతా డ్రా. ఏ మెథడ్లు ఉండాలో మాత్రమే చెప్పి, అవి ఎలా పనిచేయాలో క్లాసులకు వదిలేసేది ఇంటర్‌ఫేస్. ఇక్కడ కేటాయింపు పద్ధతి అని ఒక ఇంటర్‌ఫేస్ రాయండి. ఒకే మెథడ్: అర్హత ఉన్న వాటాలు ఇస్తే, గెలిచిన వాటానూ వదులుకున్న మొత్తాన్నీ తిరిగివ్వాలి. దాన్ని అమలు చేసే క్లాసులు నాలుగు. చీటీ క్లాస్ చేతిలో ఉన్నది ఏ పద్ధతో దానికి తెలియనక్కర్లేదు. కొత్తది వచ్చినా చీటీ కోడ్ తెరవాల్సిన పనిలేదు.

గరిష్ఠం దగ్గర ఇద్దరు ఆగితే డ్రా తీయాలన్న నియమం గుర్తుంది కదా. దానికోసం పాట పద్ధతి డ్రా పద్ధతికి వారసురాలు కానక్కర్లేదు. పాట తన లోపల ఒక డ్రా ఆబ్జెక్ట్‌ను ఉంచుకుని, అవసరమైనప్పుడు పని దానికి అప్పగిస్తుంది. డ్రాకు కావాల్సిన ర్యాండమ్ ఆబ్జెక్ట్‌ను కూడా కన్‌స్ట్రక్టర్ ద్వారా ఇవ్వండి. టెస్టులో స్థిరమైన సీడ్ (ర్యాండమ్ సంఖ్యలు మొదలయ్యే సంఖ్య) ఇస్తే ప్రతిసారీ ఒకే ఫలితం వస్తుంది.

7. టెస్టులు

టెస్టులు రాసే లైబ్రరీ అయిన జేయూనిట్ 5 డిపెండెన్సీని పామ్‌లో కలపండి. టెస్టు క్లాస్ పేరు మొదట్లోనో చివరోనో టెస్ట్ అని ఉండాలి, లేకపోతే మేవెన్ మామూలుగా దాన్ని పట్టించుకోదు. మొదట ఈ లెక్కలు రాయండి:

25,000 వదులుకుంటే చేతికి 75,000, ఒక్కో వాటా కట్టాల్సింది 4,000.
30,000 అయితే 70,000, 3,750.
5,000 అయితే 95,000, 5,000, డివిడెండ్ సున్నా.
30,001 అయితే ఎక్సెప్షన్ రావాలి. 4,999 అయినా రావాలి.

ఆ తర్వాత 20 నెలలూ లూప్‌లో నడిపి, ప్రతి నెలా కాగితం మీది సమీకరణం సరిచూడండి. వసూలు, కిందటి నెల మిగులు ఒకవైపు. పాడుకున్నవారికి ఇచ్చింది, కమీషన్, ఈ నెల మిగులు ఇంకోవైపు. ఒక్క పైసా తేడా వచ్చినా టెస్టు పడిపోవాలి. విడివిడి టెస్టులు పది రాసినా పట్టుకోలేని తప్పును ఇది పట్టేస్తుంది. మొదటి నెలను ఈ లూప్‌లోంచి తప్పించకండి. కోత లేని నెలలో కూడా అలవాటుగా కమీషన్ తీసేసే తప్పు అక్కడే బయటపడుతుంది.

టెస్టులు సున్నా నడిచాయి అని వచ్చి బిల్డ్ పచ్చగా కనపడితే సంతోషించకండి. రెండు కారణాలు ఎక్కువ: మెథడ్ మీద పెట్టే టెస్ట్ అనే యానొటేషన్‌ను జేయూనిట్ 4 ప్యాకేజీ నుంచి ఇంపోర్ట్ చేసుకోవడం (జేయూనిట్ 5ది జూపిటర్ ప్యాకేజీలో ఉంటుంది), లేదా ష్యూర్‌ఫైర్ ప్లగిన్ (మేవెన్‌లో టెస్టులు నడిపేది) 2.22.0 కన్నా పాతదై ఉండటం. అసర్ట్ ఈక్వల్స్‌లో రావాల్సిన విలువ ముందు, వచ్చిన విలువ తర్వాత. తారుమారు చేస్తే టెస్టు పనిచేస్తుంది గానీ ఫెయిలైనప్పుడు సందేశం తలకిందులుగా చెప్పి గంటసేపు తిప్పుతుంది.

8. తప్పు వెతకడం

ప్రింట్ వాక్యాలు చల్లుకుంటూ పోయేకన్నా డీబగ్గర్ వాడండి. లైను నంబరు పక్కన నొక్కితే ఎర్ర చుక్క పడుతుంది, ప్రోగ్రాంను డీబగ్ మోడ్‌లో నడిపితే అక్కడ ఆగుతుంది. ఇంటెలిజేలో ఎఫ్8 తర్వాతి లైనుకు, ఎఫ్7 మెథడ్ లోపలికి. తప్పు 13వ నెలలోనే వస్తోందా? ఎర్ర చుక్క మీద కుడి క్లిక్ చేసి నెల 13 అయితేనే ఆగాలని షరతు రాయండి. నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (ఆబ్జెక్ట్ ఉండాల్సిన చోట ఏమీ లేకపోవడం) వస్తే సందేశం పూర్తిగా చదవండి. జావా 15 నుంచి ఏది నల్ అయిందో అందులోనే ఉంటుంది.

రెండు వాటా సంఖ్యలను ఇంటీజర్ ఆబ్జెక్టులుగా పెట్టుకుని రెండు సమాన గుర్తులతో పోల్చితే 127 దాకా సరిగ్గా ఉండి 128 నుంచి తప్పుతుంది. మైనస్ 128 నుంచి 127 వరకు ఉన్న ఆబ్జెక్టులను జావా ముందే చేసి తిరిగి వాడుకోవడం వల్ల ఇలా జరుగుతుంది. ఆబ్జెక్టులను ఈక్వల్స్‌తోనే పోల్చండి.

తెలుగు పేర్లు విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ప్రశ్నార్థకాలుగా వస్తే డేటా పాడైందని భయపడకండి. జావా 18 నుంచి ఫైళ్లకు యూటీఎఫ్-8 డిఫాల్ట్. కన్సోల్ సంగతి వేరు. కోడ్ పేజీని 65001కి మార్చి చూడండి. అప్పటికీ అక్షరాలు విరిగి కనపడితే ఫలితాన్ని ఫైల్లో రాసి ఎడిటర్లో తెరవండి.

9. కమిట్లు, బొమ్మ, మొదటి మార్పు

టెస్టులు పచ్చగా ఉన్నప్పుడల్లా ఒక కమిట్. సందేశంలో ఏ ఫైల్ మార్చారో రాయక్కర్లేదు, అది గిట్‌కే తెలుసు. ఎందుకు మార్చారో రాయండి.

క్లాస్ బొమ్మను ప్లాంట్‌యూఎంఎల్‌లో గీయండి. అక్షరాలు రాస్తే బొమ్మ అదే గీస్తుంది కాబట్టి కోడ్‌తో పాటు గిట్‌లో ఉంచొచ్చు. యూఎంఎల్‌ అనే బొమ్మల గుర్తుల పద్ధతిలో నేర్చుకోవడానికి చాలా ఉంది. మీకు ఇప్పటికి కావాల్సినవి మూడే గుర్తులు: చీటీ నుంచి వాటాకు నిండు వజ్రం (చీటీ లేకపోతే వాటా లేదు), వాటా నుంచి వ్యక్తికి మామూలు గీత, కేటాయింపు పద్ధతులనుంచి ఇంటర్‌ఫేస్‌కు చుక్కల గీత మీద బోలు త్రిభుజం. గెటర్లన్నీ బొమ్మలో పెట్టకండి, ఎవరూ చదవరు.

పేర్లు నచ్చకపోతే ఇప్పుడే మార్చండి. షిఫ్ట్ ఎఫ్6 నొక్కితే ఆ పేరు వాడిన ప్రతి చోటా మారుతుంది. పొడవైన మెథడ్‌లోంచి కొన్ని లైన్లను ఎంచుకుని కంట్రోల్ ఆల్ట్ ఎం నొక్కితే అవి కొత్త మెథడ్‌గా విడిపోతాయి. ప్రతిదాని తర్వాత టెస్టులు నడపండి.

ఇప్పుడు డిజైన్‌ను పరీక్షించే మార్పు ఒకటి చేయండి: డివిడెండ్ అందరికీ కాకుండా ఇంకా పాడుకోని వాటాలకే పంచాలి. ముందు టెస్టు రాయండి, తర్వాత కోడ్. గిట్ డిఫ్ (మార్పులు చూపేది) తెరిచి ఎన్ని క్లాసులు కదిలాయో చూడండి. చీటీ ఒక్కటే కదిలితే, లేదా డివిడెండ్ పంపకం కోసం ఇంకో చిన్న ఇంటర్‌ఫేస్ పుడితే సరే. వాటా, పాట, డబ్బు కూడా మారాల్సి వస్తే మళ్లీ కార్డుల దగ్గరికెళ్లి డివిడెండ్ నియమం ఎన్ని కార్డుల మీద రాసి ఉందో వెతకండి.